యాభై దాటితే వణుకు

నేను ఫిజిక్స్ చెబుతాను. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిన అవమానంలో సగం దీని వల్లే వచ్చింది. వినుకొండలో ఒక జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి భ్రమణ చలనం పాఠం చెప్పి చెప్పి, తిరిగే వస్తువు ఏది కనబడినా దాని గురించి గంటసేపు మాట్లాడే జబ్బు పట్టుకుంది నాకు. అడిగితే మాట్లాడతాను. అడక్కపోతే ఇంకాస్త ఎక్కువ మాట్లాడతాను. ఇంట్లో ఫ్యాన్ వేస్తే మా అమ్మ నా మొహం చూసి, "నువ్వేం చెప్పమాక, గాలి వస్తంది, చాలు" అంటుంది.

మా ఊరు ఈపూరు దగ్గర. ఇంటి ముందు రేకుల పందిరి, పందిరి కింద జీపు. మా నాన్న తన పెళ్ళికి ముందు మిలిటరీ వేలంలో కొన్నది. మామూలు బండిని వెనక చక్రాలే తోస్తాయి. దీనికి పక్కనున్న చిన్న గేరు వేశామంటే ముందు చక్రాలు కూడా లాగుతాయి. వానాకాలంలో నల్లరేగడిలో ట్రాక్టర్లు కూడా దిగబడి ఏడుస్తుంటే మా జీపు మాత్రం మూలుగుతూనే బయటికి వచ్చేది. అందుకని ఊళ్ళో మా నాన్నకి పేరుతో పనిలేకుండా పోయింది. అందరికీ ఆయన జీపాయన. పెళ్ళి పిలుపుకి వచ్చినవాళ్ళు కూడా "జీపాయన ఉన్నాడా?" అనే అడుగుతారు. మా అమ్మ అయితే జీపాయన పెళ్ళాం. నా సంగతి చెప్పక్కర్లేదు, ఎమ్మెస్సీ చదివినా జీపాయన కొడుకునే.

అసలు కథ దసరాకి మొదలైంది. మా వైపు ఆయుధ పూజకి ఇంట్లో ఉన్న ఇనుమంతా బయటికి వస్తుంది. గొడ్డలి, కొడవళ్ళు, నాగలి కర్రు, మందు కొట్టే పంపు, అన్నిటినీ కడగడం, రంగు వేయగలిగినవాటికి రంగు వేయడం, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టడం. జీపుని నాన్నే కడుగుతాడు, ఇంకెవరినీ చెయ్యి పెట్టనివ్వడు. కానీ ఆ సంవత్సరం నాకు సెలవులు ఎక్కువ, పని తక్కువ. పైన నాన్న కడుగుతుంటే కింద నేను చేరాను. గోనెసంచి పరుచుకుని వెల్లకిలా పడుకుని చూస్తే, గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసు దాకా పొడుగాటి గొట్టం ఒకటి మట్టి, గ్రీజు కలిసి గడ్డకట్టి కనిపించింది. ఇంజను తిరుగుడుని వెనక చక్రాలకి మోసుకెళ్ళే షాఫ్టు అది. ముందు వైపుకి ఇంకోటి ఉంటుంది. ఇంత పని చేసే వస్తువుని ఇంత మురికిగా ఉంచుతారా అని నాకు నిజంగానే కోపం వచ్చింది.

బోల్టులు ఊడదీసి వెనక షాఫ్టుని బయటికి తీశాను. అది ఒకదాంట్లో ఒకటి దూరే రెండు ముక్కలు. గతుకుల్లో ఇరుసు పైకీ కిందకీ ఊగినప్పుడు షాఫ్టు కాస్త సాగడానికీ ముడుచుకోవడానికీ ఆ ఏర్పాటు. రెంటినీ లాగి విడదీసి, కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, ఒకదాంట్లో ఒకటి దూరే చోట ఉన్న పళ్ళకి కొత్త గ్రీజు పెట్టి, గొట్టానికి మెరిసే వెండి రంగు వేశాను. రంగు ఆరాక రెండు ముక్కల్నీ దూర్చాను. ఎక్కడా పట్టుకోకుండా చక్కగా దూరింది. బిగించేశాను. పైన పసుపు రాసి మూడు బొట్లు కూడా పెట్టాను.

నాన్న వంగి చూశాడు. "ఎవరికి కనపడుద్దిరా అది?"

"దేవుడికి."

"దేవుడు మన జీపు కింద పడుకుంటాడేంది?" అన్నాడు కానీ, ఆ మెరుపు ఆయనకీ నచ్చింది. వంగినవాడు చాలాసేపటి దాకా లేవలేదు.

దసరా అయ్యాక కొన్నాళ్ళు జీపు పొలానికీ ఇంటికీ మధ్యే తిరిగింది. మట్టి బాటలో నాన్న ముప్పై దాటించడు. పత్తి తీత మొదలైన రోజుల్లో ఒకనాడు నాన్న కూలీ ఆడవాళ్ళని ఎక్కించుకుని వాగు దాటుతుంటే, నీళ్ళలో కనపడని రాయి ఒకటి జీపు కింద ఠంగుమని తగిలింది. సాయంత్రం నాన్నే వచ్చి చెప్పాడు. వంగి చూస్తే నా వెండి షాఫ్టు మీద రంగు లేచిపోయి, చిన్న సొట్ట. నాకు సొట్ట కంటే రంగు పోయినందుకే ఎక్కువ మండింది.

ఆ ఆదివారం నేను జీపు తీసుకుని నరసరావుపేట బయలుదేరాను. ఊరి బాట దాటి పెద్ద రోడ్డెక్కి కాస్త తొక్కానో లేదో, సీటు కింద నుంచి జుమ్మని వణుకు మొదలైంది. అద్దంలో వెనక లారీ రెండు లారీలుగా కనిపించింది. కాలు తీస్తే తగ్గింది, తొక్కితే వచ్చింది. జీపు మీటరులో ముల్లు నేను ఇంటర్ చదివే రోజుల్లోనే పడుకుంది కాబట్టి ఫోనులో వేగం చూశాను. యాభై. యాభై లోపల బండి బుద్ధిమంతురాలు, యాభై దాటితే పూనకం.

వెనక్కి తిప్పుకుని ఇంటికి వచ్చేశాను. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అరుగు మీద అమ్మ ఉంది, మర్నాటి పని మాట్లాడుకోవడానికి వచ్చిన కూలీ ఆడవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళందరి ముందు నాన్నని నిలబెట్టి పాఠం చెప్పాను. తిరిగే గొట్టం వెంట్రుకవాసి వంగినా ఏమవుతుందో, వేగం పెరిగేకొద్దీ ఆ వంపు ఎట్లా కొడుతుందో, అన్నీ చెప్పాను. చివర్లో, "నీకు చూపు ఆనడంలేదు నాన్నా. ఇంకనన్నా మానెయ్. బండి చచ్చింది, రేపు అందులో ఉన్న మనుషులకి ఏమన్నా అయితే?" అన్నాను.

మా నాన్న మామూలుగా ఒక మాటకి నాలుగు మాటలు అనే మనిషి. ఆ రోజు మాత్రం లోపలికి వెళ్ళి తాళాల రింగు తెచ్చాడు. ఆ రింగులో రెండు తాళంచెవులుంటాయి, ఒకటి జీపుది, ఒకటి పొలంలో మోటారు గదిది. మోటారు గదిది ఊడదీసి మొలతాడుకి ముడేసుకున్నాడు. జీపు తాళంచెవిని రింగుతో సహా నా చేతిలో పెట్టాడు.

"రాయి తగిలిన మాట నిజమే" అన్నాడు. అంతే.

మర్నాటి నుంచి పొలానికి నడిచి వెళ్ళడం మొదలుపెట్టాడు. నా బైకు మీద దింపుతానంటే వద్దన్నాడు. "జీపాయన నడిచొస్తన్నాడే!" అని ఊళ్ళో మొదట నవ్వులాటగా అన్నారు, తర్వాత ఆ మాట అనడం మానేశారు. అది ఇంకా ఘోరం. ఒకరోజు ఆయన గడ్డపార భుజాన వేసుకుని వాగు దగ్గరికి పోయి ఆ రాయిని పెకలించాడు. ఇంకెవరి బండికీ తగలకూడదట. పెకలించి అక్కడే పారేయొచ్చు కదా, ఎవరిదో ఎడ్లబండిలో వేయించుకుని ఇంటికి తెచ్చి గుమ్మం పక్కన దించాడు. పెద్ద గుమ్మడికాయంత రాయి. రోజూ పొలం నుంచి వచ్చి దాని పక్కన నిలబడి ఓసారి చూసి లోపలికి వెళ్ళేవాడు. అమ్మ రెండు రోజులు చూసి, దాని మీద కాళ్ళు కడుక్కునే చెంబు పెట్టింది.

నాకు మాత్రం ఇల్లు నచ్చడం మానేసింది. అన్నది నిజమేనని నాకు నేను చెప్పుకుంటున్నాను, కానీ సాయంత్రం ఐదున్నరకి మలుపు దగ్గర జీపు హారను వినపడకపోతే ఏదో వెలితిగా ఉండేది. బండి బాగుచేస్తే అంతా సర్దుకుంటుందనిపించింది. ఈలోగా ఊరంతా వైద్యులే అయ్యారు. ఒకాయన టైర్లన్నాడు, మార్చి చూశాను. ఒకాయన ఇంజను కింది రబ్బర్లన్నాడు, అవీ మార్చాను. మా పెదనాన్న వరసాయన ఒకాయన జీపు చుట్టూ మూడుసార్లు తిరిగి, "దిష్టి" అని తేల్చాడు. అమ్మ గుమ్మడికాయ కొట్టింది. జీపు యాభై దగ్గర మళ్ళీ వణికింది.

చివరికి నరసరావుపేట తీసుకెళ్ళాను, యాభై దాటకుండా. అక్కడ ఊరి చివర ఒక రేకుల షెడ్డులో సాయిబు ఒకాయన పాత జీపులు మాత్రమే చూస్తాడు. మా నాన్నకి ముప్పై ఏళ్ళ స్నేహితుడు, నేను చిన్నప్పటి నుంచి మామా అంటాను. గడ్డం నెరిసింది కానీ, చేతులు మాత్రం ఇంకా నల్లగానే ఉన్నాయి.

దిగగానే నేను మొదలుపెట్టాను. "మామా, వెనక షాఫ్టు వంగింది. రాయి తగిలింది. కొత్తది వేసెయ్."

ఆయన టీ తాగడం ఆపలేదు. "సారూ, జబ్బు పేరు నువ్వే చెప్తన్నావు, మందు నువ్వే చెప్తన్నావు. నేను దేనికి మరి?" అన్నాడు. గ్లాసు దించి వంగి బండి కిందకి ఒకసారి చూశాడు. లేచి నా మొహం ఒకసారి చూశాడు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు. బండి నిలబెట్టి ఇంజను గట్టిగా రేజ్ చేస్తే వణుకుతుందా? లేదు. అయితే ఇంజను కాదు. వణుకు స్టీరింగులో తెలుస్తుందా, సీటులోనా? సీటులో. దడదడా కొడుతుందా, జుమ్మంటుందా? జుమ్మంటుంది. "చక్రం నిదానంగా తిరుగుద్ది, అది తప్పయితే దడదడా కొడద్ది. షాఫ్టు చక్రం కన్నా నాలుగింతలు తిరుగుద్ది. జుమ్మంటే షాఫ్టే. ముందుదా, వెనకదా?"

"వెనకదే అంటున్నా కదా మామా."

"నువ్వు అంటన్నావు. బండి అనాల."

స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసుకుని ఎక్కాడు. గ్లాసుని కింద రెండు పాదాల మధ్య పెట్టుకుని, యాభై ఐదు మీద నిలపమన్నాడు. నిలిపాను. నిలిపాననుకున్నాను. ఫోనులో యాభై రెండు, యాభై ఎనిమిది, నలభై తొమ్మిది. నీళ్ళు ఆయన చెప్పుల్లోకి పోయాయి.

"ఆపు సారూ. నీ కాలు చానా చదువుకుంది, ఒకచోట ఉండట్లా. పెద్దాయన్ని పిలువు."

"నాన్న నడపడం మానేశాడు" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. జేబులోంచి ఫోను తీసి తనే నాన్నతో మాట్లాడాడు. గంటన్నరకి బస్సు దిగి, భుజాన తువ్వాలుతో నాన్న వచ్చాడు. వస్తూనే, "నేను మానేశా గదా సాయిబూ" అన్నాడు.

"మానేస్తే మానెయ్. ముందు యాభై అయిదు మీద పట్టుకో."

నాన్న ఎక్కాడు. స్టీరింగు మీద చెయ్యి వేసే ముందు పంచెకి రెండు చేతులూ తుడుచుకున్నాడు. రోడ్డెక్కాక చెవి కాస్త పక్కకి వంచి ఇంజను విన్నాడు. ఫోను నా చేతిలో ఉంది. యాభై ఐదు. యాభై ఐదు. మళ్ళీ యాభై ఐదు. మీటరు లేని బండిని ఆయన అట్లా పట్టుకుంటుంటే, చూపు ఆనడంలేదని అన్న నోరు నాదేనా అనిపించింది. గ్లాసులో నీళ్ళు సన్నగా ఎగురుతున్నాయి. సాయిబు చెయ్యి ఊపగానే నాన్న గేరు తీసేశాడు. బండి ఊరికే దొర్లుతోంది, వణుకు మాత్రం పోలేదు. వణుకుకి ఇంజను గానీ క్లచ్చు గానీ కారణం కాదని అక్కడితో తేలిపోయింది.

షెడ్డుకి వచ్చి ముందు షాఫ్టుని ఊడదీశారు. మళ్ళీ అదే రోడ్డు, అదే వేగం. వణుకు అట్లాగే ఉంది. ముందు షాఫ్టుది తప్పు లేదు. దాన్ని తిరిగి బిగించి, ఈసారి వెనకది ఊడదీశారు. నాకు అర్థం కాలేదు. "వెనక షాఫ్టు లేకుండా బండి ఎట్లా పోతుంది మామా?"

నాన్న నా వైపు చూడకుండా పక్కనున్న చిన్న గేరు వేశాడు. ముందు చక్రాలు లాగాయి. జీపు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముందు కాళ్ళ మీదే నడిచింది. యాభై. యాభై ఐదు. అరవై. గ్లాసులో నీళ్ళు నిద్రపోతున్నట్టున్నాయి.

సంతోషించాల్సిన సంగతే. కానీ షెడ్డు దగ్గర దిగాక నాన్న మొహంలో ఆ సంతోషం లేదు. ఆయన పాత టైరు మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "అయితే ఆ రాయే" అన్నాడు. "నా చేత్తో నేనే పాడు చేసుకున్నా."

సాయిబు ఆ షాఫ్టుని రెండు దిమ్మెల మీద ఆనించి, సుద్దముక్క తీసి, గొట్టానికి తగిలీ తగలనట్టు పట్టుకుని మెల్లగా తిప్పాడు. వంకర ఉంటే ఉబ్బిన వైపే సుద్ద అంటాలి. గొట్టం చుట్టూ సన్నటి తెల్ల గీత పడింది, ఎక్కడా తెగకుండా. సొట్ట దగ్గర మళ్ళీ చేశాడు. అక్కడా అంతే.

"పెద్దాయనా, ఇట్టా చూడు. సొట్ట రంగుకే పడింది. షాఫ్టు బాణంలాగా ఉంది."

నాన్న లేచి వచ్చాడు. గీత మీద వేలు పెట్టి చుట్టూ తడిమాడు. "మరి వణుకు?"

సాయిబు అప్పుడు షాఫ్టుని రెండు చేతులతో ఎత్తి మా ఇద్దరి ముందూ పట్టుకున్నాడు. దాని రెండు చివర్లా రెండు ఇనుప పంగలుంటాయి. ఒక పంగ నిలువుగా నిలబడి ఉంది. రెండోది పక్కకి ఒరిగి ఉంది.

"ఈ రెండూ ఒక వరసలో ఉండాల. అప్పుడు ఈ చివర వచ్చే తడబాటుని ఆ చివర దిద్దుకుంటది. వరస తప్పితే రెండు తడబాట్లూ కలిసి బండిని కుదిపేస్తయ్. మధ్యలో ఎవరో విప్పి, మళ్ళీ దూర్చేటప్పుడు నాలుగు పళ్ళు పక్కకి దూర్చారు." కిరసనాయిలు గుడ్డతో రంగు రుద్దాడు. పసుపు పోయింది, కుంకుమ పోయింది, వెండి పోయింది. కింద ఇనుము మీద చెక్కిన చిన్న బాణం గుర్తు బయటపడింది. రెండో ముక్క మీద రుద్దాడు, ఇంకో బాణం. రెండూ ఎదురెదురుగా ఉండాలి. అవి ముఖాలు తిప్పుకుని అలిగిన తోడికోడళ్ళలాగా ఉన్నాయి.

"ఎవరు సారూ, దీనికింత సింగారం చేసింది?" అన్నాడు సాయిబు, ఏమీ తెలియనట్టు.

తిరిగే వస్తువు గురించి గంట మాట్లాడగలిగిన నేను ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను. నాన్న బాణాల్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ బాణాల్ని చూశాడు. ఆయన మీసం కదిలింది కానీ, నవ్వో కోపమో నాకు తెలియలేదు.

ఆయన అవతల నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళినప్పుడు సాయిబుని నిలదీశాను. "నువ్వు పొద్దున వంగి చూసినప్పుడే కనిపెట్టావు కదా మామా?"

"షాఫ్టుకి వెండి రంగేసే మెకానిక్కు ఈ జిల్లాలో లేడు సారూ."

"మరి ఇంతసేపు ఎందుకు తిప్పావు?"

"నేను చెప్తే నువ్వు వాదిస్తావు. ఆయనేమో తన మీద జాలితో చెప్తన్నా అనుకుంటాడు. ఆయన కాలికి తెలిస్తేనే ఆయన నమ్ముతాడు." సాయిబు షాఫ్టు ముక్కల్ని లాగి విడదీసి, బాణాలు ఎదురెదురుగా పెట్టి మళ్ళీ దూర్చాడు. చూస్తుండగానే అయిపోయింది. నేను దూర్చినప్పుడు ఎంత చక్కగా దూరిందో ఇప్పుడూ అంతే చక్కగా దూరింది.

ఇంటికి నాన్నే నడిపాడు. నేను పక్కన గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. యాభై వచ్చింది, దాటింది, బండికి ఆ సంగతే గుర్తులేదు. దారి పొడుగునా క్షమాపణ నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇద్దరమే ఉన్నప్పుడు చెబితే చాలదనిపించింది. అన్నది నలుగురిలో కదా.

ఇంటికి చేరేసరికి సాయంత్రం. మర్నాటి పని మాట్లాడుకోవడానికి వచ్చిన కూలీ ఆడవాళ్ళు అరుగు మీద అమ్మతో ఉన్నారు. ఐదున్నరకి మలుపు దగ్గర హారను మోగడం విని అందరూ లేచి నిలబడ్డారు. నేను దిగి, పాఠం చెప్పిన చోటే నిలబడి చెప్పాను. "రాయి కాదు. నాన్నా కాదు. దసరాకి నేను విప్పి తప్పుగా బిగించాను. గుర్తుల మీద రంగేశాను. నాన్న చూపుకి ఏమీ కాలేదు. తప్పు నాది."

ఆ ఆడవాళ్ళలో పెద్దావిడ, "ఇయ్యేనా అయ్యా పిల్లకాయలకి చెప్పేది?" అంది. ఇక నవ్వులు ఆగలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మరి ఈ రాయినేం చెయ్యాలయ్యా?" అని నాన్నని అడిగింది.

"ఉండనియ్. వాడు పాఠం చెప్పబోయినప్పుడల్లా దాని మీద కూర్చోబెడదాం."

నేను జీపు తాళంచెవిని రింగుతో సహా ఆయన ముందు పట్టుకున్నాను. ఆయన తీసుకున్నాడు. మొలతాడుకున్న మోటారు గది తాళంచెవి ముడి విప్పబోయాడు. ఇన్ని రోజుల చెమటకి, నీళ్ళకి ముడి రాయిలా బిగుసుకుపోయింది. గోళ్ళతో గీకాడు, రాలేదు. అమ్మ కత్తెర తెస్తానంది. ఆయన వద్దని, నన్ను రమ్మన్నట్టు తల ఊపాడు. వెళ్ళి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ముడి అందుకునేసరికి నా కళ్ళు మసకబారాయి.

నా తల మీద చెయ్యి వేసి, "నిదానంరా" అన్నాడు నాన్న. "ఈసారన్నా ఏది ఎట్టా ఉందో చూసుకుని విప్పు."